మేనత్త దొరకడం లేదు

మా ఆస్పత్రిలో ఆయన్ని అందరూ చుట్టాలాయన అంటారు. కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం. ఆయన రాకముందు మా సర్వర్లకు పేర్లు లేవు, మధ్య మధ్య చుక్కలు పెట్టిన అంకెలే ఉండేవి. "ఇంట్లో మనుషుల్ని ఎవరైనా నంబరు పెట్టి పిలుస్తారా?" అంటూ వచ్చిన కొత్తలోనే అన్నిటికీ వరసలు కలిపేశాడు. జీతాల లెక్కలుండేది అన్నయ్య. మందుల గదిది బాబాయి. ల్యాబు రిపోర్టులు చిన్నమ్మ. మూడో అంతస్తులో ఎప్పుడు చూసినా అలిగి కూర్చునే పెద్ద ప్రింటరు బావగారు. "బావగారు మళ్లీ కాగితం మింగేశారండీ" అని నర్సులు ఫోన్ చేస్తే, "మర్యాదలో ఏదో లోటు చేసుంటారు, వస్తున్నానుండండి" అని బయలుదేరేవాడు.

మా బ్లడ్ బ్యాంకు వివరాలన్నీ ఉండే సర్వరు పేరు మేనత్త. ఎవరిది ఏ గ్రూపు, ఎవరికి ఎప్పుడు రక్తం ఎక్కించాం, ఎవరి ఒంటికి ఏది పడదు, అంతా ఆవిడ కడుపులోనే. నేను అక్కడ టెక్నీషియన్ని. నిజం చెప్పాలంటే మొదట్లో ఈ చుట్టరికాలు వింటే నాకు ఒళ్లు మండేది. ఆస్పత్రిని పెళ్లివారిల్లు చేశాడని విసుక్కునేదాన్ని. ఆ తర్వాత నోటికి అలవాటై, "మేనత్త ఇవాళ కాస్త నెమ్మదిగా ఉంది" అని నేనే అనడం మొదలుపెట్టాను.

ఆయనలో నాకు నచ్చనిది ఇంకొకటుంది. ఆ మనిషికి తప్పు ఒప్పుకోవడం చేతకాదు. ఏదైనా పనిచేయడం లేదని ఫోన్ చేస్తే చాలు, మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "నా దగ్గర పనిచేస్తోందే!"

"మీ దగ్గర పనిచేస్తే మాకేం ఒరిగింది అన్నగారూ?" అని నేను దెప్పేదాన్ని.

"అంటే లోపం మీ దగ్గరుందని అర్థం చెల్లెమ్మా" అనేవాడు, ఎక్కడా తగ్గకుండా.

ఒకే వీధిలో ఇళ్లు కాబట్టి ఆయన సంగతులు నాకు కొంత తెలుసు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి లారీ మీద ఊళ్లు పట్టుకు తిరిగేవాడు. పెంచింది మేనత్తే. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఫోను ఎత్తి మనిషి పేరు చెబితే ఆపరేటరే కలిపే రోజులవి. "డాక్టరుగారి ఇంటికి కలపమ్మా" అంటే చాలు, ఏ పుస్తకమూ చూడకుండా ఆవిడ చెయ్యి సరైన రంధ్రంలోకి తీగ గుచ్చేదట. బడి అయ్యాక ఆయన ఆవిడ కుర్చీ పక్కనే కూర్చుని ఆ చేతినే చూస్తూ ఉండేవాడట. ఊరు ఊరంతా ఆవిడ నాలుక చివర ఉండేదని, తను ఈ వృత్తిలోకి రావడానికి కారణం అదేనని, టీ తాగినప్పుడల్లా చెప్పేవాడు. చెప్పిందే చెప్పినా ఆ ఒక్కచోట మాత్రం ఆయన గొంతు మెత్తబడేది. అందుకే నేనూ అడ్డుపడేదాన్ని కాదు.

ఇప్పుడు ఆవిడ ఆయన ఇంట్లోనే, ముందు గదిలో కిటికీ పక్క మంచం మీద ఉంటుంది. మతిమరుపు జబ్బు. అయితే ఆ జబ్బు మనం అనుకునేలా ఉండదు. అడిగితే తెల్లముఖం వేయదు. ఠకీమని జవాబు చెబుతుంది. "భోజనమైందా అత్తయ్యగారూ?" అని నేను పలకరిస్తే, "ఇప్పుడేనమ్మా, వాడికి పెట్టి నేనూ తిన్నాను" అంటుంది. ఆ వాడు బడికి వెళ్లే పిల్లవాడు. ఆ భోజనం ఏనాటిదో. పక్కనే నిలబడి తువ్వాలు మడతపెడుతున్న నెరిసిన జుట్టు మనిషే ఆ పిల్లవాడని ఆవిడకు తెలియదు.

ఒకసారి ఆయనా భార్యా ఇంట్లో లేని పూట, చూసుకోవడానికి కుదిరిన ఆయా "బీపీ బిళ్ల వేసుకున్నారా?" అని అడిగితే, "వేసుకున్నాను" అందట. అంత ధీమాగా చెబితే ఎవరు మాత్రం నమ్మరు? సాయంత్రానికి ఆవిడ కళ్లు తిరిగి గడపలో పడిపోయింది. అప్పటి నుంచి ఆయన ఒక అలవాటు చేసుకున్నాడు. ఏ ముఖ్యమైన విషయం అడగాలన్నా ముందు, "అత్తా, ఇప్పుడు నా ఒంటి మీద ఏ రంగు చొక్కా ఉంది?" అని అడుగుతాడు. చూసి సరిగ్గా చెబితే ఆవిడ ఈ రోజులో ఉన్నట్టు. "ఖాకీ నిక్కరు కదరా" అందంటే ఇక ఆ పూట ఆవిడ చెప్పేదేదీ లెక్కలోకి తీసుకోడు. "అత్త జవాబు చెప్పదని నాకు బెంగ లేదు చెల్లెమ్మా. చెప్పిన జవాబు ఎప్పటిదా అన్నదే బెంగ" అన్నాడు ఒకరోజు, నవ్వబోయి నవ్వలేక.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఒక దర్జీ భార్య ప్రాణం చివరికి ఆ చొక్కా ప్రశ్న మీద నిలబడింది.

ఆ రోజు పొద్దున ఆస్పత్రిలో ఒక మార్పు జరిగింది. పేరు చెబితే అడ్రసు చెప్పే మెషీను ఒకటుంటుంది. మా కంప్యూటరు "మేనత్త ఎక్కడ?" అని దాన్ని అడుగుతుంది, అది చుక్కల అంకె చెబుతుంది, ఇది ఆ అంకెను పట్టుకుని వెళ్తుంది. అత్తగారి ఎక్స్ఛేంజి లాంటిదే అనుకోండి. పాతది మొరాయిస్తోందని, పక్క భవనంలో అది ఉన్న గదిలోనే ఆ చివర కొత్తది పెట్టారు. వేరే ఆస్పత్రి నుంచి బదిలీ మీద వచ్చిన కొత్తావిడ దాని ముందు కూర్చుంటే, చుట్టాలాయన గది ఈ చివర పాతదాని ముందు నిలబడి, ఫ్యాన్ల హోరులో ఒక్కొక్క చుట్టం పేరూ అడ్రసూ కేకేసి చెప్పాడు. ఆవిడ టైపు చేసింది. ఇద్దరికిద్దరూ పనిమంతులే. పని చకచకా అయిపోయింది. పాతదాన్ని ఆపేశారు.

టీ వేళకు ఆపరేషన్ థియేటర్ నుంచి ఫోన్. కాన్పు కష్టమైంది, బిడ్డ బయటపడింది, తల్లికి రక్తం ఆగడం లేదు, నాలుగు సంచులు కావాలి, వెంటనే. నమూనా గొట్టం పట్టుకుని వార్డు మనిషి పరిగెత్తుకొచ్చింది. ఆమె వెనకే ఆ తల్లి భర్త. దర్జీ. కుట్టుమిషను మీది నుంచి లేచినవాడు లేచినట్టే వచ్చేశాడు కాబోలు, కొలతల టేపు మెడలోనే ఉంది. మా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఆవిడకి ఏదో రక్తం పడదక్కా. ముందు కాన్పులో వేరే చోట ఎక్కిస్తే చలిజ్వరం వచ్చి చావు తప్పింది. మొదటి నుంచీ ఇక్కడే చూపిస్తున్నాం, పోయిన వారం వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాం. మీ వాళ్లు ఆ ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కుని మెషీన్లో ఎక్కించుకున్నారు."

"ఏది పడదన్నారు?"

"నాకు ఆ పేరు నోరు తిరగలేదక్కా. మీ మెషీన్లో ఉంటుంది."

గ్రూపు కలిస్తే చాలని బయటివాళ్లు అనుకుంటారు. చాలదు. ఒకసారి రక్తం ఎక్కించుకున్న ఒంట్లో ఒక్కోసారి ఏదో ఒక రకానికి విరోధం పుడుతుంది. కొన్నాళ్లకు అది మా పరీక్షకు కూడా అందనంత సన్నబడి నక్కి ఉంటుంది. అదే రకం మళ్లీ లోపలికి వెళ్లిందా, ఒక్క పెట్టున లేస్తుంది. అప్పుడు ఎక్కించిన రక్తమే మనిషిని తీసేస్తుంది. ఆ విరోధం పేరేమిటో చెప్పగలిగేది పాత రికార్డు ఒక్కటే. ఆ రికార్డు ఎక్కించిన మా సహోద్యోగి ఆ రోజు సెలవు. ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు.

గ్రూపు చూసి, కలిసే సంచులు నాలుగు తీసి బల్ల మీద పెట్టాను. రికార్డు కోసం కంప్యూటరు ముందు కూర్చున్నాను. మేనత్త అనే పేరుగల సర్వరు దొరకడం లేదు అని తెర మీద ఒక వాక్యం వచ్చింది. మళ్లీ నొక్కాను. అదే వాక్యం. పక్క కంప్యూటరు. అక్కడా అదే.

ఫోన్ చేస్తే, పక్క భవనం నుంచి చుట్టాలాయన మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. నేను లేచి కుర్చీ ఇచ్చాను. ముందు తీగ చూశాడు, బాగానే ఉంది. చిన్నమ్మను పిలిచి చూశాడు, ల్యాబు రిపోర్టులు నిక్షేపంగా తెరుచుకున్నాయి. బాబాయి పలికాడు. అన్నయ్య పలికాడు.

"దారి బాగానే ఉంది. పేరు దగ్గరే ఏదో వచ్చింది" అని, కంప్యూటరు తన దగ్గర దాచుకున్న పాత పేర్లన్నీ చెరిపించి మళ్లీ అడిగించాడు. మేనత్త దొరకడం లేదు. కొత్తావిడకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు.

"అమ్మా, అక్కడ మేనత్త ఉందా?"

"ఉందండీ. నా కళ్ల ముందే ఉంది."

"మేనత్తే కదా?"

"మేనత్తేనండీ. ఎన్నిసార్లు చెప్పను?"

"ఒకసారి ఆపి మళ్లీ స్టార్టు చేయమ్మా."

ఆవిడ ఆపింది, మళ్లీ మొదలుపెట్టింది. మేము అడిగాం. దొరకడం లేదు. ఈలోగా థియేటర్ నుంచి రెండో ఫోన్ వచ్చింది. మొదటి ఫోన్లో "అండీ" అన్న గొంతే, ఈసారి అరిచింది. కిటికీ దగ్గర దర్జీ మా మాటలన్నీ వింటున్నాడు. ఊచల్లోంచి తల దూర్చినంత పని చేశాడు.

"అక్కా, ఆ మేనత్తగారు ఎవరక్కా? ఏ వీధిలో ఉంటారో చెప్పండి, నేను వెళ్లి వెతికి పిలుచుకొస్తాను. సైకిలుంది నాకు."

మామూలు రోజైతే పడీపడీ నవ్వేవాళ్లం. ఆ పూట ఎవరికీ నవ్వు రాలేదు.

"నా దగ్గర చూస్తానుండండి" అని చుట్టాలాయన తన గదికి పరిగెత్తాడు. ఆ గది మా పక్కదే. నేనూ వెనకే వెళ్లాను. అప్పటికే సూపరింటెండెంటుగారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. చుట్టాలాయన కుర్చీలో కూలబడి మేనత్త అని టైపు చేశాడు.

తెరుచుకుంది.

"నా దగ్గర పనిచేస్తోందే!" అన్నాడు. ఎప్పుడూ నాకు మండిపోయే ఆ మాట ఆ రోజు చెవుల్లో తేనె పోసినట్టుంది. ఆయన భుజం మీదుగా వంగి దర్జీ భార్య ఆస్పత్రి నంబరు నేనే కొట్టాను. ఆమె పేరు, వయసు, గ్రూపు, ముందు కాన్పు సంగతి, అన్నీ వచ్చాయి. పడని రక్తం అన్న చోట: ఏదీ లేదు.

"లేదు!" అన్నాను. "ఏ విరోధమూ లేదు. ఈయనే ఏదో కంగారులో చెప్పాడు."

"ఇంకేం మరి, పంపించెయ్" అన్నారు సూపరింటెండెంటుగారు. "భర్తలు ఇలాంటప్పుడు నూటొక్కటి చెబుతారు. రికార్డు చూశాం కదా."

నేను వెనక్కి తిరిగాను. నాలుగు సంచులూ బల్ల మీదున్నాయి. తీసి వార్డు మనిషి చేతిలో పెట్టడమే తరువాయి. గుమ్మం దాటబోతుంటే చుట్టాలాయన వెనక నుంచి, "చెల్లెమ్మా, ఆగు" అన్నాడు.

ఆగాను. ఆయన తెర వైపే చూస్తున్నాడు. ముఖంలో ఇందాకటి వెలుగు లేదు.

"అక్కడ ఎవ్వరికీ పలకని మనిషి నాకొక్కడికే ఎందుకు పలికింది?"

"ఏమయ్యా, పలికింది కదా, ఇంకా ఏం కావాలి నీకు?" సూపరింటెండెంటుగారి గొంతు లేచింది. ఆయన మంచివారే. కానీ కంగారులో మనిషి మంచితనం ఎందుకూ కొరగాదని నేను ఆ రోజే చూశాను.

"ఒక్క ప్రశ్న సార్. ఒక్కటే." నా వైపు తిరిగాడు. "నిన్న నువ్వు నీ చేత్తో మెషీన్లో ఎక్కించిన పేరు ఏదైనా ఒకటి చెప్పు."

నిన్న రక్తం ఇచ్చి వెళ్లిన స్కూలు డ్రిల్లు మాస్టారి పేరు చెప్పాను. బాగా గుర్తు, సూది చూసి కళ్లు తిరిగి పడిపోయాడు. చుట్టాలాయన వెతికాడు. లేడు. మొన్న ఎక్కించిన పేరు చెప్పాను. లేదు. అటు మొన్నటిదీ లేదు.

ఆయన అడిగింది చొక్కా రంగు. మెషీను ఖాకీ నిక్కరు అంది.

"ఇది పాత అత్త" అన్నాడు ఆయన, నీరసంగా. "పోయిన వారం మేనత్త వివరాలన్నీ కొత్త మెషీన్లోకి మార్చాం కదా, ఆ పాతది. ఆపేయాల్సింది. ఉండనీలే అని నేనే ఆపలేదు. దీనికి వారం నుంచి ఏ సంగతీ తెలియదు."

దర్జీ పోయిన వారం అన్నాడు. మార్చిన తర్వాత వచ్చి ఉంటాడు. అతను చెప్పింది ఎక్కింది కొత్తదాంట్లో. మేము చూసింది పాతదాంట్లో. నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను. ఆయన "ఆగు" అనకపోయి ఉంటే అప్పటికి ఆ సంచులు లిఫ్టులో ఉండేవి.

"అయితే నీ మెషీను పాతదాని దగ్గరకు ఎందుకు వెళ్లినట్టు?" అని సూపరింటెండెంటుగారు గద్దించారు.

చుట్టాలాయన తన కంప్యూటర్లో ఏదో ఫైలు తెరిచాడు. అందులో ఒకే ఒక్క లైను ఉంది. మేనత్త పేరు, పక్కన పాత అడ్రసు. ఎక్స్ఛేంజిని అడగకుండా నేరుగా ఇక్కడికే వెళ్లు అని ఎన్నడో, సర్వరు పెట్టిన మొదటి రోజుల్లో, ఆయన తన చేత్తో రాసుకున్నది. ఇన్నేళ్లూ "నా దగ్గర పనిచేస్తోందే" అని ఆయన చెప్పుకున్న గొప్ప అంతా ఆ ఒక్క లైనే. దాన్ని చెరిపేశాడు. మళ్లీ మేనత్తను పిలిచాడు. మేనత్త దొరకడం లేదు.

"మంచిది" అన్నాడు. "ఇప్పుడు నాకూ దొరకడం లేదు."

"మంచిదేమిటయ్యా! ఉన్న ఒక్కటీ ఊడగొట్టావు!" సూపరింటెండెంటుగారు తల పట్టుకున్నారు. మూడో ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. "ఇస్తున్నారా లేదా? ఉన్నదేదో పంపండి, ఇక్కడ మేము చేతులు అడ్డం పెట్టి ఆపలేం" అంది థియేటరు డాక్టరు. "ఒక్క నిమిషం డాక్టరుగారూ, పడనిది వెళ్తుందేమోనని భయం" అన్నాను. ఆవిడ "త్వరగా" అని మాత్రం అంది. ఆ గొంతు ఇప్పటికీ నన్ను వదలలేదు.

చుట్టాలాయన కొత్తావిడకు ఫోన్ కలిపాడు.

"అమ్మా, మేనత్త ఉందా అని నేనిక అడగను. నీ ముందున్న లైను చదువు. మాటలా వద్దు, ఒక్కో ఇంగ్లిషు అక్షరం పలుకు."

"ఇప్పుడా సార్?"

"ఇప్పుడే తల్లీ."

"ఎమ్... ఈ... ఎన్... ఏ... టీ... టీ... హెచ్... ఏ."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "హెచ్ ఎక్కడి నుంచి వచ్చింది?"

"మేనత్తకి హెచ్ ఉండదా?"

"ఉండదు!"

"'త'కి టీ హెచ్ కాక ఇంకేం రాస్తారు సార్? ఒట్టి టీ రాస్తే 'ట' అవుతుంది. మేనట్ట అని చదవాలి. మా అమ్మాయి పేరులో కూడా నేను టీ హెచ్చే రాస్తాను."

"నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఒట్టి టీయేనమ్మా! మేనట్ట అని ఏ తలమాసినవాడు చదువుతాడు?"

"మా ఇంట్లో అందరూ..."

"అమ్మా తల్లీ, మీ ఇద్దరికీ దండం పెడతాను" అని సూపరింటెండెంటుగారు ఫోను మీదికి వంగి అరిచారు. "ఆ హెచ్ తీసెయ్!"

పొద్దున ఆయన మేనత్త అని కేకేశాడు. ఆవిడ మేనత్త అని విన్నది. ఇందాక ఫోన్లో ఉందా అంటే ఉందంది. ఇద్దరూ నిజమే చెప్పారు. నోటితో చెప్పుకున్నంతసేపూ మాకు అందులో తేడా వినిపించే అవకాశమే లేదు. మిగతా చుట్టాలెవరి పేరులోనూ త లేదు కాబట్టి వాళ్లంతా సుఖంగా ఉన్నారు.

తీగకు అవతల మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది. "తీశాను" అంది కొత్తావిడ. చుట్టాలాయన పిలిచాడు. మేనత్త పలికింది. ఆయన నన్ను నంబరు కొట్టనివ్వలేదు. ముందు డ్రిల్లు మాస్టారిని వెతికాడు. డ్రిల్లు మాస్టారు ఉన్నాడు, కళ్లు తిరిగి పడిపోయాడన్న వ్యాఖ్యతో సహా. అప్పుడు, "ఇక అడుగు చెల్లెమ్మా" అని కుర్చీ జరిగాడు.

దర్జీ భార్య పేజీ తెరుచుకుంది. పైన ఎర్ర గీత. పడని రక్తం రకం పేరు, కనుక్కున్న తేదీ, మా సహోద్యోగి సంతకం, అన్నీ ఉన్నాయి. నేను బ్లడ్ బ్యాంకులోకి పరిగెత్తి సంచుల మీది చీటీలు చూశాను. బల్ల మీద పెట్టుకున్న నాలుగింటిలో రెండు ఆమెకు పడని రకమే. వాటిని పక్కకు తోసేసి, లోపల నుంచి వేరే రెండు తీసి, మరోసారి చీటీలు చదివి, వార్డు మనిషి చేతిలో పెట్టాను. ఆమె పరిగెత్తింది. నేను గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను.

దర్జీ ఇంకా ఊచలు పట్టుకునే ఉన్నాడు. "దొరికారా అక్కా, మేనత్తగారు?"

"దొరికింది తమ్ముడూ" అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

మధ్యాహ్నానికి ఆమెకు రక్తం కట్టిందని, గండం గడిచిందని కబురు వచ్చింది. దర్జీ మళ్లీ మా కిటికీ దగ్గరకు వచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది. ఆడపిల్లట. మేనత్తగారు ఎక్కడుంటారో చెబితే ఒకసారి కాళ్లకు దండం పెట్టి వెళ్తానన్నాడు. అది మెషీనని చెప్పడానికి నేను నోరు తెరిచాను. చుట్టాలాయన నన్ను ఆపి, "నీ దండం ఆవిడకు నేను చెబుతానులే తమ్ముడూ" అని అతని భుజం తట్టాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మా ఎవరి ముఖమూ చూడలేదు.

డ్యూటీ దిగే ముందు ఆయన పాత సర్వరు గదికి వెళ్తుంటే నేనూ వెళ్లాను. పాత మేనత్త మీద దుమ్ము చేత్తో తుడిచాడు. మీట నొక్కి పట్టుకున్నాడు. ఫ్యాను చప్పుడు కాసేపు సన్నగిల్లి ఆగిపోయింది. తీగ ఊడదీసి చుట్టచుట్టి పైన పెట్టాడు.

"ఇది ముందే చేయాల్సిన పని" అన్నాడు చివరికి. ఆయన నోట అలాంటి మాట వినడం నాకు అదే మొదటిసారి.

ఇంటికి ఇద్దరం కలిసే నడిచాం. వాళ్ల వాకిట్లో నేను ఆగాను. తలుపు తీసే ఉంది. కిటికీ పక్క మంచం మీద అత్తగారు కూర్చుని వీధి వైపు చూస్తోంది. ఆయన చెప్పులు విప్పి గడపలో నిలబడ్డాడు. చొక్కా రంగు అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు.

ఆవిడే ఆయన్ని ఎగాదిగా చూసి, ఒకప్పుడు ఊరంతటినీ పలకరించిన ఆ స్పష్టమైన గొంతుతో అడిగింది.

"ఎవరు కావాలి బాబూ?"

"నువ్వే అత్తా" అన్నాడు.

ఆవిడ కాసేపు ఆలోచించింది. తర్వాత మంచం మీద కొంచెం పక్కకు జరిగి, ఆయన కూర్చోవడానికి చోటిచ్చింది.